ప్లీడరు గారి వసారా

ప్లీడరు అనే మాట ఇప్పుడు బోర్డుల మీద కనబడదు. పట్నాల సంగతి సరే, మా తెనాలి వంటి వూళ్ళలో కూడా అందరూ అడ్వొకేట్లే. కాని పల్లె నుంచి వచ్చి బస్సు దిగే పెద్దవాళ్ళు మాత్రం ఇప్పటికీ "ప్లీడరు గారి ఇల్లెక్కడ బాబూ?" అనే అడుగుతారు. ఆ పిలుపు వింటే నాకు ప్రాణం లేచి వస్తుంది. ఆ మాట వాడుకలో వున్న కాలానికి చివరి బంతిలో కూర్చున్నవాణ్ణి నేను.

నేను నల్లకోటు తొడుక్కున్నది 1972లో. అప్పటికే చట్టం దృష్టిలో ప్లీడర్లనే తెగ అంతరించి పదేళ్ళయింది. అంతకు ముందు వకీళ్ళలోనూ వర్ణవ్యవస్థ వుండేది. హైకోర్టు వకీలు వేరు, ఫస్టు గ్రేడు ప్లీడరు వేరు, సెకండు గ్రేడు ప్లీడరు వేరు. ఎవరి కోర్టు వారిది, ఎవరి హద్దు వారిది. టంగుటూరి ప్రకాశం పంతులు గారు సెకండు గ్రేడు ప్లీడరుగా రాజమండ్రిలో పేరు తెచ్చుకుని, ఆ తరువాత సీమకు వెళ్ళి బారిస్టరై వచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. మా వూరికీ ఒక బారిస్టరు భాగ్యం పట్టింది. కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి గారు డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చి తెనాలిలో ప్రాక్టీసు చేశారు. 1961 నాటి అడ్వొకేట్ల చట్టం ఈ మెట్లన్నీ చదును చేసి, ఇకమీదట అందరూ అడ్వొకేట్లేనని శాసించింది. పాతవాళ్ళను మాత్రం బతికినంత కాలం ప్లీడర్లుగానే వుండనిచ్చింది.

మా సీనియరు గారు అలా మిగిలిన పాత ప్లీడరు. ఆయన ఆఫీసంటే ఇంటి ముందు వసారాయే. రెండు బెంచీలు, ఒక చాప, గోడ పొడుగునా మద్రాసు లా జర్నల్ సంపుటాలు. చాప మీద వాలుబల్ల ముందు గుమాస్తా గారు. కక్షిదార్లు తెల్లవారుజామున మొదటి బండికే వచ్చి, కాలువలో కాళ్ళు కడుక్కుని, వసారాలో కూర్చునేవారు. ఫీజు నోట్లలోనే రావాలన్న నియమం లేదు. సంక్రాంతి ముందు బియ్యపు బస్తా, వేసవిలో మామిడి బుట్ట వచ్చేవి. ఒకాయన మూడేళ్ళ దావాకి మొత్తం గుమ్మడికాయలే ఇచ్చాడని మా సీనియరు గారి ఇల్లాలు ఎప్పుడూ చెప్పుకునేవారు.

ఆ వసారాకు అసలు యజమాని గుమాస్తా గారే అనిపించేది నాకు. దావా గడువు ఎన్నడు తీరుతుందో, ఏ బంట్రోతుకు ఏ వూరి దారి తెలుసో, ఏ సాక్షికి మధ్యాహ్నం అన్నం పెట్టించకపోతే నోరు పెగలదో అన్నీ ఆయన వేళ్ళ మీద వుండేవి. లా కాలేజీలో మూడేళ్ళు నేర్చుకున్నది ఒక ఎత్తయితే, ఆయన చాప పక్కన ఆరు నెలలు కూర్చుని నేర్చుకున్నది ఒక ఎత్తు.

ఆయనను గురించి మా సీనియరు గారు పదేపదే చెప్పే కథ ఒకటుంది. నేను బారులో చేరక ముందు సంగతి.

1958లో ఒక షావుకారు ఒక విధవరాలి మీద నోటు దావా వేశాడు. ఆమె భర్త 1956 చివర్లో పోయాడు. అదే యేడు జూలైలో ఆయన అప్పు తీసుకుని వేలిముద్ర వేసినట్టుగా నోటు. అప్పిచ్చినట్టు ఇద్దరు సాక్షులున్నారు, రాసినవాడు వున్నాడు. ఆమెకున్నది ఎకరంన్నర మాగాణి, ఇద్దరు పసివాళ్ళు. "మా ఆయన ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు బాబూ" అన్న మాట తప్ప ఆమె దగ్గర ఇంకో సాక్ష్యం లేదు. వేలిముద్ర పోల్చి చూద్దామంటే ఆ రైతు జన్మలో రిజిస్ట్రారాఫీసు మెట్టెక్కలేదు. పోయినవాడి వేలు ఎవరు తెచ్చి చూపగలరు?

కోర్టులో నోటు చూసుకోవడానికి అనుమతి తీసుకుని గుమాస్తా గారిని పంపించారు. ఆయన నకలు రాసుకుని సాయంత్రం వచ్చి, చేతిసంచీ దింపకుండానే, "బాబుగారూ, పోయినవాడు మళ్ళీ లేచి వచ్చి వేలిముద్ర వేసినట్టున్నాడండీ" అన్నారట.

సంగతేమిటంటే నోటు మీద అంటించిన రెవెన్యూ బిళ్ళ. దాని విలువ అణాల్లో లేదు, నయాపైసల్లో వుంది. మన దేశంలో నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ ఒకటిన. 1956 జూలైలో రాసిన నోటు మీదకి ఆ బిళ్ళ ఎలా వచ్చింది? అడ్డంగా పడిన సిరా కింద ఆ అంకె ఎవరి కంటా పడలేదు, గుమాస్తా గారి కంట తప్ప.

విచారణ రోజున మా సీనియరు గారు నోటు రాసినవాణ్ణి ఒక్క ప్రశ్నే మూడు రకాలుగా అడిగారు. బిళ్ళ ఎప్పుడు అంటించారు? రాసిన రోజునే. ఎవరు అంటించారు? నేనే, నా చేత్తోనే. తరువాత ఎవరయినా దాన్ని మార్చారా? లేదండీ, ఒట్టు. అప్పుడు నోటునూ, ఒక భూతద్దాన్నీ మునసబు గారి బల్ల మీద పెట్టి కూర్చున్నారు. దావా కొట్టేశారు. ఆ యేడు సంక్రాంతికి గుమాస్తా గారికి జరీ పంచెల చాపు దక్కింది. పేరు మాత్రం, షరా మామూలే, ప్లీడరు గారికి.

ఈ కాలం పిల్లలకు నోటు దావా అంటే ఏమిటో చెప్పాలి కాబోలు. మా డెల్టాలో నాట్ల వేళ అప్పు, కళ్ళాల మీద తీరుబడి. నడుమ ఆ చిన్న కాగితమే పూచీ. నోటుకు మూడేళ్ళు ప్రాణం. ఈలోగా బాకీదారు కొంత సొమ్ము కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు. అందుకే రెండేళ్ళ పదకొండు నెలలు నిండేసరికి షావుకారు బాకీదారు గుమ్మంలోకి వచ్చి, "ఓ అయిదు రూపాయలు చెల్లు వెయ్యి చాలు, తొందరేం లేదు" అని ఎంతో దయగా అనేవాడు. రైతు ఆ దయకు పొంగిపోయి వేలిముద్ర వేసేవాడు. ఆ అయిదు రూపాయలతో ఇంకో మూడేళ్ళ వడ్డీ తల మీదకు తెచ్చుకున్నానని అతనికి తెలిసేది కాదు.

గడువు వేసవి సెలవుల్లో తీరితే, కోర్టు తెరిచిన రోజున దావా వేసుకోవచ్చునని చట్టం. అందుచేత జూన్‌లో కోర్టు తెరిచే రోజు మాకు పెళ్ళివారి సందడి. రాత్రి తెల్లవార్లూ లాంతర్ల వెలుతురులో దావాలు రాసి, పొద్దున్నే కట్టలు కట్టి మోసుకుపోయేవాళ్ళమని మా గుమాస్తా గారు చెప్పేవారు. నా రోజులకు లాంతరు పోయి కరెంటు దీపం, కలం పోయి టైపుమిషను వచ్చాయి. సందడి మాత్రం అలాగే వుంది.

1977లో చిన్న రైతుల, వ్యవసాయ కూలీల, పల్లెల్లోని వృత్తిపనివారల బాకీలు రద్దు చేస్తూ రాష్ట్రంలో చట్టం వచ్చింది. అది మొదలు ప్రతి నోటు దావాలోనూ అప్పు నిజమా కాదా అన్న ప్రశ్న వెనకబడి, ప్రతివాది చిన్న రైతా కాదా అన్నదే అసలు తగవయింది. సెంట్లతో సహా పొలం లెక్క తేల్చడానికి కరణం గారు అడంగలు గుడ్డలో చుట్టుకుని బోనెక్కేవారు. కరణం నోట ఒక మాట అటయితే పొలం అటు, ఇటయితే ఇటు. ఆ వంశపారంపర్యపు కొలువులు కూడా 1984 జనవరిలో రద్దయిపోయాయి. మంచే జరిగిందనుకుంటాను. కాని ఏ గట్టు ఎప్పుడు ఎవరు జరిపారో చూడకుండా చెప్పగల మనిషిని ఆ తరువాత నేను మళ్ళీ చూడలేదు.

నోటును నిజంగా చంపింది చెక్కు. 1989 ఏప్రిల్ నుంచి చెల్లని చెక్కు ఇవ్వడం నేరమయింది. నోటు దావాలో డిక్రీ రావాలి, అమలు దరఖాస్తు వేయాలి, ఏళ్ళు పడుతుంది. చెక్కయితే నేరుగా మేజిస్ట్రేటు కోర్టే. అప్పిచ్చేవాళ్ళు నోటు బదులు ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టించుకోవడం మొదలెట్టారు. పూర్వం బాకీ తీర్చనివాడు ప్రతివాది, ఇప్పుడు ముద్దాయి. మాటలో తేడా చిన్నదే. ప్రతివాది కోర్టు వసారాలో చుట్ట కాల్చుకుంటూ, వాదితోనే కబుర్లు చెబుతూ నిలబడేవాడు. ముద్దాయి బోనులో చేతులు కట్టుకుని నిలబడాలి. పిల్లల పెళ్ళికి అప్పు చేసిన పెద్దమనిషి అలా నిలబడడం చూస్తే, వాది తరఫున హాజరయిన రోజున కూడా నాకు మనసు చివుక్కుమనేది.

అలాగని పాత పద్ధతిలో దయ వుందని కాదు. జప్తు చూసినవారెవరూ ఆ మాట అనరు. అమీను గారు టముకు వేయించుకుంటూ వూళ్ళోకి వస్తే, ఇంటి పరువు వీధిలో పడినట్టే. అయినా చట్టం కొన్ని వస్తువుల చుట్టూ గీత గీసింది. వంటపాత్రలు, పక్కబట్టలు, ఆడవారి మెడలోని మంగళసూత్రం వంటివి, పనివాడి పనిముట్లు, రైతు నాగలి, ఎడ్లు, విత్తనాలు ముట్టరాదు. పొద్దుగూకిన తరువాత ఇంట్లో అడుగు పెట్టరాదు. ఈ సంగతి ఎంతమంది బాకీదార్లకు తెలుసు? ఒకసారి మా కక్షిదారు అమీను రాకముందే విత్తనపు గింజలు పొరుగూరు తరలించబోతుంటే, మా గుమాస్తా గారు సైకిలు మీద వెళ్ళి ఆపి, ఆ గింజల బస్తాల మీదే కూర్చుని అమీను గారికి స్వాగతం చెప్పారు. బాకీ కట్టలేదని జైల్లో పెట్టించడం కూడా వుండేది. ఖైదీ భోజనానికి బత్తా డిక్రీదారే కట్టాలి. కట్టగలిగీ మోసం చేసేవాణ్ణి తప్ప, నిజంగా చేతకానివాణ్ణి జైలుకు పంపరాదని 1980లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యరు గారు తీర్పు చెప్పారు. ఆ తీర్పు నకలు మా సీనియరు గారు పెద్ద అక్షరాలతో టైపు చేయించి దగ్గర పెట్టుకున్నారు.

ఇక భాష సంగతి. నేను చేరిన రోజుల్లో సాక్షి బోనులో తెలుగులో చెప్పేవాడు. జడ్జి గారు దాన్ని అప్పటికప్పుడు ఇంగ్లీషులోకి మార్చి తన చేత్తో రాసుకునేవారు. చివర మళ్ళీ తెలుగులో చదివి వినిపించి సంతకం పెట్టించేవారు. "గట్టు కాడ కలబడ్డారు" అన్న మాటకు ఇంగ్లీషు వెతుక్కుంటూ కలం ఆపి కూర్చున్న జడ్జీలను చూశాను. ఆలస్యమయితే అయింది గాని, సాక్షి ముఖం, గొంతు, తడబాటు అన్నీ వారి కళ్ళ ముందే జరిగేవి.

2002 జూలై నుంచి సివిలు దావాల్లో సాక్షి మొదటి వాఙ్మూలం కాగితం మీదే దాఖలు చేసే పద్ధతి వచ్చింది. ఆ కాగితం ప్లీడరు ఆఫీసులో తయారవుతుంది, మా వైపు ఎక్కువగా ఇంగ్లీషులోనే. ఒక దావాలో ఎదుటి పక్షం సాక్షి ఒక ముసలమ్మ. నేను క్రాసు చేస్తూ, ఆమె కాగితంలోని ఒక వాక్యం తెలుగులో చెప్పి, "ఇది మీరు చెప్పిందేనా అమ్మా?" అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, "నేనంత బాగా చెప్పలేదు నాయనా" అంది. కోర్టంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. తన పేరు మీద తనకు తెలియని మాటలున్నాయని ఆమెకు అప్పుడే తెలిసింది మరి.

అధికార భాషా చట్టం వచ్చింది 1966లో. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక తీర్పును తెలుగులో వెలువరిస్తే అది పత్రికల్లో వార్తయింది. నడుమ యాభయ్యేడేళ్ళు.

కొత్త పనిముట్ల మీద నాకేమీ కోపం లేదు. ఇప్పుడు ప్రతి కేసుకూ పదహారు అక్షరాల, అంకెల గుర్తు ఒకటుంటుంది. అది కొడితే వాయిదా ఎప్పుడో ఫోనులో తెలుస్తుంది. వాయిదా తెలుసుకోవడానికే కూలి మానుకుని, చార్జీలు పెట్టుకుని వచ్చిన జనాన్ని నేను ఎరుగుదును. 2024 జూలైలో శిక్షాస్మృతి స్థానంలో కొత్త న్యాయసంహిత వచ్చి సెక్షన్ల నంబర్లన్నీ మారాయి. ఫోర్ ట్వంటీ ఇప్పుడు మూడు వందల పద్దెనిమిది. మోసగాణ్ణి జనం ఆ కొత్త నంబరుతో ఎప్పటికి తిడతారో చూడాలి.

అన్నిటికన్నా పెద్ద మార్పు మా వసారాలో ఎవరు కూర్చుంటున్నారన్నది. నా తొలినాళ్ళలో ఆడవారు వచ్చేది మనోవర్తి కోసమో, భర్త పోతే దాయాదుల మీదనో. పుట్టింటి ఆస్తి కోసం కూతురు ప్లీడరు గుమ్మం ఎక్కిందంటే వూరంతా చెప్పుకునేది.

మన రాష్ట్రం ఈ విషయంలో దేశానికి దారి చూపింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయింది. అయితే ఒక మెలిక పెట్టారు. ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయిన కూతురికి ఇది వర్తించదు.

ఆ మెలిక ఏం చేసిందో ఒక కుటుంబంలో చూశాను. తొమ్మిదెకరాల మాగాణి. తల్లి ముందే పోయింది. పెద్దమ్మాయి పెళ్ళి 1985 వైశాఖంలో, రెండో అమ్మాయి పెళ్ళి మరుసటి యేడు మాఘంలో. వీరిద్దరికీ ఒక తమ్ముడు. తండ్రి 1996లో వీలునామా లేకుండా పోయాడు. రెండో అమ్మాయి 1998లో భాగం పంచమని నా ద్వారా దావా వేసింది.

లెక్క ఇలా తేలింది. ముందు తండ్రికి, కొడుక్కి, రెండో కూతురికి మూడేసి ఎకరాలు. తండ్రి మూడెకరాలు ముగ్గురు బిడ్డలకూ ఒక్కొక్కటి. వెరసి తమ్ముడికి నాలుగు, మా కక్షిదారుకు నాలుగు, పెద్దమ్మాయికి ఒకటి. ముహూర్తం నాలుగు నెలలు వెనక్కి పెట్టి వుంటే ఆమెకూ మూడెకరాలు వచ్చేవి. 2003లో ప్రాథమిక డిక్రీ అలాగే వచ్చింది. తమ్ముడు అప్పీలుకు వెళ్ళాడు.

2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం మారింది. పెళ్ళి తేదీ మెలిక పోయింది. పెద్దమ్మాయి తనకూ సమభాగం కావాలని అడిగింది. 2015లో సుప్రీంకోర్టు, చట్టం వచ్చిన నాటికి తండ్రి బతికి వుండాలంది. ఆమె ఆశ అడుగంటింది. 2020 ఆగస్టు 11న అదే సుప్రీంకోర్టు, తండ్రి బతికి వున్నా లేకపోయినా కూతురి హక్కు పుట్టుకతోనే వచ్చిందని, అప్పీళ్ళలో వున్న దావాలకూ అది వర్తిస్తుందని చెప్పింది. అంటే మూడు, మూడు, మూడు.

తీర్పు సంగతి చెప్పడానికి మా కక్షిదారుకు కబురు చేశాను. దావా వేసినప్పుడు ముప్పై దాటిన మనిషి, ఇప్పుడు మనవలున్న అమ్మమ్మ. అంతా విని, "అయితే అక్కకు ఎకరం ఇవ్వవలసింది నేనా, ప్లీడరు గారూ?" అంది.

"నువ్వొకటి, తమ్ముడొకటి. ఇంకా వాదించవచ్చునమ్మా. దావా ఏళ్ళ తరబడి నడిపించవచ్చు" అన్నాను. ఏ దారులున్నాయో కక్షిదారుకు చెప్పడం నా విధి.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "అక్క పెళ్ళికి నాన్న తొందరపడ్డాడు, అమ్మమ్మ మంచంలో వుందని. ఆ తొందరకు అక్కేం చేస్తుందండీ?" అంది. మళ్ళీ వెంటనే, "కాని ఇరవై యేళ్ళుగా ఆ నాలుగెకరాలూ నావే అనుకుంటున్నాను. నాలుగో ఎకరం మా చిన్నవాడి పేర రాస్తానని మాటిచ్చాను" అని కళ్ళు తుడుచుకుంది. చట్టం సరి అయిందంటే కష్టం పోయిందని కాదు గదా.

నెల తరువాత తనే ఫోను చేసి రాజీకి ఒప్పుకుంది. తమ్ముణ్ణి ఒప్పించడానికి మాత్రం యేడాది పట్టింది. "నాన్న మందులకు నేను పెట్టిన ఖర్చు ఏ చట్టంలో వుంది?" అని అతని ప్రశ్న. అందులోనూ న్యాయం లేకపోలేదు. చివరకు అక్కచెల్లెళ్ళిద్దరూ ఆ ఖర్చుకు తలా కొంత సొమ్ము ఇచ్చేటట్టు కుదిరింది. లోక్ అదాలత్‌లో అవార్డు తీసుకుంటే దాని మీద అప్పీలు వుండదు, కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది.

రాజీ పత్రం తెలుగులో రాయమని పెద్దమ్మాయి కోరింది. "ఇన్నేళ్ళూ ఏం రాశారో నాకు ఒక్క ముక్క తెలియదు. ఇదొక్కటీ నేనే చదువుకుంటాను" అంది. ముగ్గురూ మా ఆఫీసులో బల్ల చుట్టూ కూర్చున్నారు. ఇప్పటి మా గుమాస్తా కంప్యూటరు ముందు కూర్చుని, సర్వే నంబరు, హద్దులు, విస్తీర్ణం ఒక్కొక్క వాక్యమే పైకి చదువుతూ కొడుతున్నాడు. పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుని తెర మీద వరస వరసా వేలు పెట్టి చదువుతోంది. తూర్పు హద్దు దగ్గర అతను ఆగి, "కాలువ పక్క మూడెకరాలు ఎవరి పేర రాయమంటారండీ?" అని అడిగాడు.

ముగ్గురూ ఒక్కసారే జవాబు చెప్పారు. ఆ పత్రం పూర్తి కావడానికి ఇంకో నాలుగు సార్లు కూర్చోవలసి వచ్చింది.